మూడు ఛీల బండి

3వ తేదీ, మంగళవారం

నా పిచ్చుక తల్లికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం బస్సు డ్రైవరు నా చేతికి ఇవ్వగానే ఇంటికి తెచ్చుకునే ఓపిక లేక బస్టాండులోనే నిలబడి చదివేశాను. "కొత్త పికప్ బండి కొంటున్నాం నాన్నా, షోరూం మీ ఊళ్ళోనే ఉంది, నువ్వే వెళ్ళి బేరం చెయ్యి" అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ డ్రైవర్నే కౌగిలించుకున్నాను. ఆయన పాపం వెనక్కి హారన్ మీద పడ్డాడు, బస్టాండంతా నావైపే చూసింది. చూడనీ!

కొత్త బండి! మన ఇంటావంటా ఎవరైనా కొత్త వస్తువు కొన్నారా తల్లీ? ముప్ఫై ఎనిమిదేళ్ళు పాత సామాన్ల కొట్టు నడిపాం, నేనూ మీ అమ్మా. మన మంచం ఇంకొకరిది, మన గోడ గడియారం ఇంకొకరిది, నువ్వు పడుకున్న ఉయ్యాల కూడా నీకంటే ముందు ముగ్గురు పిల్లలు కొరికి వదిలేసిందే. అలాంటిది నా కూతురు ప్లాస్టిక్ కవరు కూడా తీయని సీటు మీద కూర్చోబోతోంది. నువ్వు ఉతికిన ఆసుపత్రి దుప్పట్లు అద్దె బండిలో పంపితే, ఆ బండి అంతకుముందు రోజు చేపలు మోసి, దుప్పట్లన్నీ చేపల కంపు కొట్టి, ఆసుపత్రి వాళ్ళు ముక్కు మూసుకుని తిప్పి పంపారని రాశావు చూడు, అది చదివి ఇక్కడ నేనూ ముక్కు మూసుకున్నాను. ఇక ఆ పీడ విరగడైపోతుంది.

వెంటనే వెళ్ళాను. నువ్వు పంపిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బండి అప్పుడే ఒలిచిన కోడిగుడ్డులా తెల్లగా ఉంది. చుట్టూ మూడుసార్లు తిరిగాను, నిమిరాను. తలుపు వేస్తే 'డబ్' అని ఒక్కటే చప్పుడు, మన కొట్లో బీరువాల్లా ఏడుపు లేదు. బండ్లు అమ్మే ఆయన నలభై ఏళ్ళ మనిషి. ఆయనకంటే ముందు ఆయన సెంటు వాసన వచ్చి పలకరిస్తుంది, అందుకే సెంటాయన అని పేరు పెట్టాను. ఎంత మంచివాడనుకున్నావు! ఒకటికి రెండు కూల్‌డ్రింకులు ఇప్పించి, "ఎవరికి అంకుల్, ఎప్పటికి కావాలి అంకుల్" అని ఎంతో ఆపేక్షగా అడిగాడు. అన్నీ చెప్పాను. మా అమ్మాయి పక్క ఊళ్ళో లాండ్రీ నడుపుతుందనీ, పదో తేదీకి ఆసుపత్రి ఆఫీసరు వచ్చేసరికి సొంత బండి గుమ్మంలో లేకపోతే కాంట్రాక్టు పోతుందనీ, బ్యాంకు లోను కూడా వచ్చేసిందనీ, మాకు ఈ బండి తప్ప ఇంకోటి కంటికి ఆనదనీ. వింటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి తల్లీ.

ధర ఏడు లక్షల ఎనభై వేలు, పైన ఏవో చిల్లర ఖర్చులు నలభై ఆరు వేలట. "మీరు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నా, ఒక్క పైసా తగ్గదు" అన్నాడు. ఈ రోజుల్లో అంత నిజాయితీ ఎక్కడుంది చెప్పు?

ఆనందంతో కాలు నేల మీద నిలవని,
మీ నాన్న

4వ తేదీ, బుధవారం

నాన్నా,

నువ్వు బేరానికి వెళ్ళావా, జాతకం చెప్పించుకోవడానికి వెళ్ళావా? అడగనివాడిదే పాపం అన్నట్టు అన్నీ చెప్పేసి వచ్చావు. ఆయన కళ్ళు చెమర్చలేదు నాన్నా, నోరూరింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటే ఏంటో అనుకునేదాన్ని. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాతో సహా కళ్ళకు కట్టింది.

ఫోన్లో అరుద్దామంటే నీకు వినపడదు, నాకు బాయిలర్ మోత. అందుకే రాస్తున్నా, నాలుగుసార్లు చదువుకో. అమ్మ బేరం గుర్తు తెచ్చుకో. వస్తువుని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని ఎత్తినట్టు ఎత్తేది. మూతి ఓ పక్కకి, ముక్కు ఇంకో పక్కకి తిప్పేది. అమ్మేవాడికి తన సరుకు మీద తనకే అసహ్యం పుట్టి సగానికి ఇచ్చేసేవాడు. ఆవిడకి నటించాల్సిన పని లేదులే. నిజంగానే ఆవిడకి ఏదీ నచ్చేది కాదు, ఎవరూ నచ్చేవాళ్ళు కాదు. నీకు అన్నీ నచ్చుతాయి, అదే నీ జబ్బు.

రేపు పాత చొక్కా వేసుకుని వెళ్ళు. కూల్‌డ్రింకు ముట్టుకోకు. అమ్మ మొహం పెట్టు. ఆ చిల్లర ఖర్చులేంటో కాగితం మీద రాయించు. ఏడున్నర దాటితే నావల్ల కాదు.

నువ్వు సంతోషించడానికి ముందు నన్ను అడుగు.

పిచ్చుక

5వ తేదీ, గురువారం

నా బంగారు పిచ్చుకకి,

తిట్టినా ఎంత బాగా తిట్టావమ్మా! నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు చదివాను.

నిన్న సాయంత్రమంతా అద్దం ముందు మీ అమ్మ మొహం సాధన చేశాను. ముక్కు తిప్పితే మూతి రాదు, మూతి తిప్పితే నవ్వొస్తుంది. ఎదురింటి టీచరమ్మ కిటికీలోంచి చూసి, పంటి నొప్పికి మాత్ర పట్టుకొచ్చింది. ఎంత మంచి మనుషులో!

పొద్దున్నే పాత చొక్కాతో వెళ్ళి, బండి ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి ఆ మొహం పెట్టాను. సెంటాయన పరుగున వచ్చి నా చెవిలో, "అంకుల్, బాత్రూం అటు" అన్నాడు. సరే, వెళ్ళాను మరి. ఏం చెయ్యను? వెళ్ళకపోతే బాగుండదు కదా. అక్కడ తలుపు తీయగానే చూశాను తల్లీ! ముందు గదిలో అద్దాలు, సోఫాలు, పూలకుండీలు. వెనక ఆ గది గోడలు, ఆ బకెట్టు, ఆ మగ్గు అడుగున పేరుకున్న జిడ్డు! పైన పటారం, లోన లొటారం. మీ అమ్మ మొహం అప్పుడొచ్చింది నాకు, పిలవకుండా. బయటికొచ్చినా పోలేదు. ఆ మొహంతోనే ఖర్చుల కాగితం అడిగాను.

రాయించాను, ఇదిగో. 'హ్యాండ్లింగ్' అని పన్నెండు వేలు. "అంటే ఏంటి బాబూ?" అన్నాను. "బండిని జాగ్రత్తగా ఇక్కడికి చేర్చినందుకు" అన్నాడు. "చక్రాలున్నాయి కదయ్యా, చంకనెత్తుకుని తెచ్చారా?" అన్నాను. తర్వాత రంగు మీద మెరుపు పూతకి తొమ్మిది వేలు. కొత్త బండి కొత్తగా కనపడ్డానికి పూత! నేను విరిగిన కుర్చీకి వార్నిష్ కొట్టి అమ్మిన రోజుల్లో కూడా వార్నిష్ డబ్బులు వేరే అడగలేదు. ఆ తర్వాత 'కిట్టు' అని ఎనిమిది వేలు. విప్పించాను. రెండు కాళ్ళ పట్టాలు, ఒక గొడుగు, ఒక సెంటు సీసా. మూత తీస్తే అచ్చం ఆయన వాసనే! ఆయన ఒంటి సెంటంతా మనలాంటి వాళ్ళ కిట్టులోదేనన్నమాట. మిగిలిన పదిహేడు వేలు రిజిస్ట్రేషనుకట.

హ్యాండ్లింగ్ లెక్కలోంచి కొట్టేశారు. మిగతాది లోపల అద్దాలగదిలో మేనేజరు చూస్తాడట.

ఒక చిత్రం చెప్పాలి. నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని ఏడో సారి చదువుకుంటుంటే, సెంటాయన ఎదురుగా కూర్చుని తలకిందులుగా మొత్తం చదివేశాడు. "మీ అమ్మాయి గారు ఏడున్నర దాకా వస్తారన్నమాట" అన్నాడు. ఎంత చదువమ్మా! నాకు తిన్నగా ఉన్నదే కష్టం.

నీ తిట్లకి మురిసిపోతున్న,
నాన్న

6వ తేదీ, శుక్రవారం

నాన్నా,

దండం పెడతా. నా ఉత్తరాలు ఆ షోరూంలో జేబులోంచి తీయకు.

నిన్న మళ్ళీ చేపల బండే దొరికింది. హోటలు దుప్పట్లు అరవై తిరిగొచ్చాయి. రెండోసారి ఉతికినా పోలేదు, మూడోసారి నానబెట్టాను. నా చేతులు వాసన చూసుకుంటే అన్నం సయించడం లేదు. మీ అల్లుడు మాత్రం "అలాగే చేద్దాం" అంటూ సబ్బు కలుపుతున్నాడు. ఇల్లు కాలిపోతోందన్నా ఆయన అలాగే అంటాడు.

బ్యాంకు వాళ్ళ లెటరు ఇందులో పెట్టాను. అది షోరూంకి ఇస్తే బండి ఇచ్చేస్తారు, డబ్బు వాళ్ళకి వెనక వెళ్తుంది. కానీ నువ్వు చూసిన ప్రతిదీ బంగారమంటావు. అందుకే చెబుతున్నా, ఈసారి ఉన్నదున్నట్టు రాయి. బండి బాగుంటే బాగుందను, లేకపోతే లేదను. నీ ఉత్తరాన్ని బట్టే నిర్ణయం. బాగోకపోతే ఇక్కడ మా ఊళ్ళో ఇంకో డీలరున్నాడు. ఇంజను చిన్నది, ధర పెద్దది, కానీ మంగళవారానికి గుమ్మంలో ఉంటుంది. ఆ రోజు బండి లేకపోతే ఈ చేపల కంపులోనే నా లాండ్రీ మూతపడుతుంది నాన్నా.

పిచ్చుక

7వ తేదీ, శనివారం

అమ్మాయికి,

షోరూంలో సెంటాయన బల్ల దగ్గర కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాయమన్నావు కనుక రాస్తున్నాను.

ఈ బండి గురించి నేను ముందు రాసినవన్నీ మరిచిపో. ఇవాళ దగ్గరగా చూశాను. ఆ తెలుపు తెలుపు కాదు, వారం రోజులుగా పాచిపోయిన జిగురు రంగు. సీటు మీద చెయ్యి వేస్తే చెమట పట్టిన అరచెయ్యి పట్టుకున్నట్టుంది. లోపల తల పెడితే రబ్బరు కాలిన కంపు. తలుపు చప్పుడు డొక్కు రేకు పెట్టె మూసినట్టుంది. వెనక డబ్బాలో నీ దుప్పట్లు పెడితే అవే సిగ్గుపడి దిగిపోతాయి. దీనికి ఎనిమిది లక్షలు అడిగే నోటిని ఏ సబ్బుతో కడగాలో నీకే తెలియాలి, లాండ్రీ నీది.

పక్క ఊరి డీలరు బండి దీనికంటే నయం. బ్యాంకు లెటరు నా జేబులోనే ఉంది, తిప్పి పంపేస్తాను. ఈ బండిని చూస్తే నాకు ఒక్కటే మాట వస్తోంది.

ఛీ. ఛీ. ఛీ.

ఇట్లు,
ఒళ్ళు జలదరించిన నాన్న

8వ తేదీ, ఆదివారం

నాన్నా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వు ఒక వస్తువుని బాగోలేదనడం నా జన్మలో ఇదే మొదటిసారి. నీకే అంత అసహ్యం పుట్టిందంటే అది ఎంత దరిద్రపు బండో ఇంకొకరు చెప్పక్కర్లేదు. బతికించావు. వెంటనే ఇక్కడి డీలరుకి అయిదు వేలు టోకెన్ కట్టేశాను. రేపు పదింటికి బ్యాంకు తెరవగానే వాళ్ళ పేరు మీద కొత్త లెటరు రాయించుకుంటాను. పాతది ఇక చెల్లదు, చింపెయ్.

ఒక మాట మాత్రం నీకు చెప్పాలి. చివర్లో ఆ మూడు ఛీలు ఎందుకు రాశావు? అవి చూడగానే నాకు అమ్మ కళ్ళముందు నిలబడింది. నేను లాండ్రీ పెట్టిన కొత్తలో ఒక్కసారి వచ్చింది ఇక్కడికి. బాయిలర్ గది గుమ్మంలో నిలబడి, చుట్టూ చూసి, మూటలు చూసి, మోచేతుల దాకా నురగతో ఉన్న నన్ను చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఛీ" అంది. మూడుసార్లు. నేను లెక్కపెట్టాను నాన్నా. మంచినీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కేసింది. ఆ తర్వాత ఏడాదికి పోయింది. పరాయి వాళ్ళ మురికి ఉతికి బతికే కూతురంటే అసహ్యమనుకునే పోయింది. ఎప్పుడూ నీతో అనలేదు, ఇవాళ వచ్చేసింది.

పోనీలే. దరిద్రపు బండి పీడ వదిలింది.

పిచ్చుక

9వ తేదీ, సోమవారం పొద్దున్న

నా పిచ్చి పిచ్చుకా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు, బస్సులో రాదు. నేనే నీ చేతికి ఇస్తాను. నోటితో చెబుదామంటే నువ్వు చెప్పనివ్వవు. మేము దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. మేమంటే నేనూ, సెంటాయనా, నీ బండీ. అవునమ్మా, నీ బండే! తెల్లది! ఇప్పుడు ఒళ్ళో అట్ట పెట్టుకుని అందులోనే కూర్చుని రాస్తున్నాను. కింద ప్లాస్టిక్ కవరు చప్పుడు చేస్తోంది, నాకది సన్నాయిలా ఉంది.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం చదివి బస్సు కోసం పరుగెత్తాను. ఆదివారం సాయంత్రం బస్సు లేదు. టీచరమ్మ చేత ఫోను చేయించాను. అల్లుడు ఎత్తి, బాయిలర్ మోతలో ఏం విన్నాడో, "అలాగే మామయ్యా, అలాగే" అని పెట్టేశాడు. ఇక లాభం లేదని ఇవాళ తెల్లారగానే షోరూం తలుపు కొట్టి, సెంటాయనతో "పదింటిలోపు బండి నా కూతురి బ్యాంకు ముందుండాలి, నడుపు" అన్నాను.

శనివారం ఉత్తరం నీ కోసం రాసింది కాదు తల్లీ, సెంటాయన కోసం రాసింది. తలకిందులుగా చదువుతాడు కదా! పెద్ద పెద్ద అక్షరాలు పెట్టి, ఆయన వైపుకి కాస్త జరిపి మరీ రాశాను. 'జిగురు రంగు' దగ్గర ఆయన సెంటు వాసన చెమట వాసనగా మారింది. 'పక్క ఊరి డీలరు' దగ్గర లేచి అద్దాలగదిలోకి పరుగెత్తాడు. మేనేజరే బయటికొచ్చాడు. పూత పోయింది, కిట్టు పోయింది, అన్నీ కలిపి ఏడు లక్షల నలభై వేలకి దిగారు, వెనక డబ్బాకి మూతతో సహా. బ్యాంకు లెటరు వాళ్ళకి ఇచ్చేశాను. గొడుగు మాత్రం ఉంచుకున్నాను, బాగుంది. ఉత్తరం మాత్రం వాళ్ళు ధర దిగకముందే, ఆయన అద్దాల్లోంచి చూస్తుండగానే మడిచి బస్సుకి ఇచ్చాను. ఇవ్వకపోతే నాటకమని తెలిసిపోదూ? చివర్లో మూడు ఛీలున్నాయి కదా, పిచ్చుకకి తెలుస్తుందిలే అనుకున్నాను.

నీకు తెలియదని నాకు తెలియలేదమ్మా. అక్కడే తప్పు చేశాను. అది కొట్లో నాకూ మీ అమ్మకీ మధ్య మాట. నువ్వు బడిలో ఉండేదానివి, మనం కలిసి తినేటప్పుడు ఎప్పుడో చెప్పే ఉంటాననుకున్నాను. మీ అమ్మ ఒక్క ఛీ అంటే సరుకు నిజంగానే చెత్త, వదిలెయ్యమని. రెండంటే బేరమాడొచ్చని. మూడంటే, ఒరేయ్ అయ్యా, ఏమైనా సరే, ఇల్లు తాకట్టు పెట్టైనా సరే దీన్ని వదలకని. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మూడు ఛీలు నేను పది పన్నెండుసార్లు విన్నానేమో. నన్ను మొదటిసారి చూసినప్పుడు రెండే అందట. ఆ లోటు నాకింకా ఉంది.

నీ దగ్గర మూడందా? నాకు చెప్పనే లేదు మహాతల్లి! ఆ రోజు బస్సు దిగి, తిన్నగా కొట్టుకొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "ఆ టేకు బీరువా అమ్మెయ్" అంది. ఎంతమంది అడిగినా, ఎంతిస్తానన్నా ఇరవై ఏళ్ళు అమ్మనివ్వని బీరువా అది. దాంతో నీకు రెండో వాషింగ్ మిషన్ వచ్చింది. స్నేహితుడు తేరగా ఇచ్చాడని నీకు చెప్పాను, గుర్తుందా? మీ అమ్మే అలా చెప్పమంది. "మనం మెచ్చుకున్నామని తెలిస్తే సరుకు ధర పెరుగుతుంది, నోరు మూసుకో" అంది. నేను నోరు మూసుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. అదే మూసుకోకూడని చోటైపోయింది.

సెంటాయన టీ తాగి వస్తున్నాడు. పదింటికి ఇంకా గంటన్నర ఉంది. నువ్వు కొత్త లెటరుకని బ్యాంకు మెట్లు ఎక్కకుండా ఉంటే చాలు తల్లీ.

నాన్న

11వ తేదీ, బుధవారం

నాన్నా,

సోమవారమంతా నీతో మాట్లాడనేలేదని అలిగి నిన్న మొదటి బస్సుకే వెళ్ళిపోయావని మీ అల్లుడన్నాడు. నువ్వు అలగలేదని నాకు తెలుసు, నీకు ఆ విద్య రాదు. కానీ నేను మాట్లాడకపోవడం నిజం. మాట్లాడితే ఏమయ్యేదో నాకే తెలియదు. బ్యాంకు మెట్ల మీద నువ్వు ఆ గొడుగు ఊపుకుంటూ అరుస్తుంటే, నాకు ముందు కోపమే వచ్చింది. ఉత్తరం ఇంటికి తెచ్చి, ఉతకాల్సిన మూటల మీద కూర్చుని చదివాను. ఆ రోజు మూటలు నాలుగు గంటలు ఆలస్యంగా మిషన్లో పడ్డాయి.

నిన్న ఇంటికి చేరగానే రాసిన ఉత్తరంలో టోకెన్ సంగతి అడిగావు. ఇవాళ పొద్దున్నే వెళ్ళి అడిగితే, "ఒకసారి కడితే తిరిగి ఇవ్వం మేడం" అన్నారు. సరేనని మన కొత్త బండి వెనక నుంచి ఆ చేపల కంపు దుప్పట్ల మూట దింపించి, వాళ్ళ తెల్ల సోఫా మీద నా పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ముడి కాస్త వదులు చేశాను. బండి చూడ్డానికి వచ్చిన ఒక జంట ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది. పావుగంట. అయిదు వేలూ చేతిలో పెట్టి, మంచినీళ్ళిచ్చి, మూట వాళ్ళే మోసి బండెక్కించారు.

నిన్న ఆసుపత్రి ఆఫీసరు వచ్చింది. నవ్వని మనిషి. బండి తలుపు తీసి లోపల తల పెట్టి గట్టిగా వాసన పీల్చింది. ఏడాదికి సంతకం పెట్టింది. ఇవాళ మొదటి లోడు వేశాను, మూడు వార్డులవి, ఉతకనివి. నీ ఒలిచిన కోడిగుడ్డు ఒక్క పూటలో ఎలా తయారైందో చూస్తే ఏడుస్తావు. మీ అల్లుడు తలుపు తీసి, మొదటిసారి అలాగే అనకుండా అవతలికి పరుగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, అమ్మ నిలబడిన చోటే. కొంగు దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. ఆ వాసన అంత దారుణం. దాని వెనక నుంచే నాకు నవ్వొచ్చింది నాన్నా. ఆవిడ కొంగు వెనక ఏముందో ఇన్నాళ్ళూ నేను చూడలేదు.

బండి ఎలా ఉందని ఆ ఉత్తరంలోనే అయిదు చోట్ల అడిగావు. చెబుతున్నా, జాగ్రత్తగా లెక్కపెట్టుకో. ఛీ. ఛీ. ఛీ.

వచ్చే ఆదివారం ఆసుపత్రి లోడు దింపాక బండి మీ ఊరి వైపే వస్తుంది. ఎక్కి వచ్చేసి, పది రోజులుండి వెళ్ళు. నీ మంచం బాయిలర్ గది పక్కనే, వెచ్చగా ఉంటుంది. వచ్చిన దగ్గర్నుంచీ అది బాగుంది ఇది బాగుందని నా ప్రాణం తీస్తావు. ఛీ, నీలాంటి మనిషిని ఎవరు భరిస్తారు? ఛీ. అమ్మ రెండు దగ్గరే ఆగిపోయిందన్నావుగా.

ఛీ.

పిచ్చుక